మెథోట్రెక్సేట్‌ను తప్పించుకునే కణాలు

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. అక్యూట్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బు ముందు నిలిచిన మందంటూ లేదు. ఆ మందు తయారైంది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనకు పెద్దదిక్కు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన దగ్గర ఈ కథను సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. అసలు చిక్కు మాత్రం ఇక్కడే మొదలైంది. ఆ ఉపశమనం తాత్కాలికమని ఫార్బర్ పత్రం శీర్షికలోనే ఉంది. తగ్గిన జబ్బు నెలల్లోనే తిరగబెట్టింది, రెండోసారి అదే మందుకు లొంగలేదు. పత్రం వచ్చిన రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. కణాలు మందును ఎలా తప్పించుకున్నాయో జన్యువుల స్థాయిలో కళ్ళకు కట్టడానికి మరో 30 ఏళ్ళు పట్టింది.

కీమో మందులు పదుల సంఖ్యలో ఉన్నాయి, ఒక్కోదాని ముందు కణితి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. అన్నిటినీ కలిపి చెప్పబోతే ఏదీ తేలదు. అందుకే ఇక్కడ ఒక్క మందునే పట్టుకుందాం. అది మెథోట్రెక్సేట్. అమినోప్టెరిన్‌కు ఒక్క మిథైల్ గుంపు చేరిస్తే వచ్చేది ఇదే. దీని దుష్ప్రభావాలను అంచనా వేయడం కాస్త తేలిక కాబట్టి 1950ల్లోనే దాని స్థానంలోకి వచ్చేసింది. ఇది కణంలో ఎక్కడ పట్టుకుంటుందో, కణం దీన్ని ఎక్కడెక్కడ అడ్డుకోగలదో మిగతా చాలా మందుల కంటే స్పష్టంగా తెలుసు.

ముందు పని తీరు. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏకు నకలు తీయాలి. అందుకు కావలసిన నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమిడిన్‌ను కణం ఫోలేట్ అనే బి విటమిన్ సాయంతో తయారుచేసుకుంటుంది. ఆ పనిలో ఫోలేట్ తన దగ్గరున్న కార్బన్‌ను ఇచ్చేసి డైహైడ్రోఫోలేట్‌గా మారిపోతుంది. దాన్ని మళ్ళీ పనికొచ్చే రూపానికి తెచ్చే ఎంజైమ్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్, పొట్టిగా డీహెచ్ఎఫ్ఆర్. మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమ్‌లో ఫోలేట్ కూర్చోవలసిన చోట కూర్చుని దాదాపు వదలదు. అప్పుడు థైమిడిన్ కరువవుతుంది. డీఎన్‌ఏలో థైమిన్ (థైమిడిన్‌లోని అసలు అక్షరం) ఉండాల్సిన చోట దాన్ని పోలిన యురాసిల్ చేరుతుంది. మరమ్మతు ఎంజైములు దాన్ని కోసి తీస్తాయి, పూడ్చడానికి మళ్ళీ యురాసిలే దొరుకుతుంది. ఇలా కోతలు పెరిగి పెరిగి డీఎన్‌ఏ పోగులే తెగుతాయి. ఇది నకలు తీసే దశలో ఉన్న కణానికి పట్టే గతి. ఆ వేళ విభజన మానేసి ఊరుకున్న కణానికి పెద్దగా ఏమీ కాదు.

ఇందులో ఒక లెక్క ఉంది, మిగతా కథంతా దానిమీదే నడుస్తుంది. కణంలో డీహెచ్ఎఫ్ఆర్ అవసరానికి మించి ఉంటుంది. అందులో 95 శాతానికి పైగా కట్టిపడేస్తే తప్ప థైమిడిన్ తయారీ కుంటుపడదు. పైగా మందు ఎంజైమ్‌ను పట్టుకునేది ఒకటికి ఒకటి చొప్పున. అంటే కణం ఎంజైమ్‌ను పది రెట్లు పెంచుకుంటే, మందు కూడా ఇంచుమించు అన్ని రెట్లు లోపలికి వెళ్ళాలి.

అంత మందు లోపలికి వెళ్ళడం, వెళ్ళాక నిలవడం కూడా అంత తేలిక కాదు. మెథోట్రెక్సేట్ నీటిలో కరిగే మందు, కణపు కొవ్వు పొరను సులువుగా దాటలేదు. ఫోలేట్ కోసం ఉన్న రవాణా ప్రోటీన్ మీదే ఎక్కి లోపలికి పోతుంది. లోపల ఎఫ్‌పీజీఎస్ అనే ఎంజైమ్ దానికి గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లపు ముక్కలను వరసగా తగిలిస్తుంది. ఆ తోక పెరిగాక మందు బయటికి జారిపోలేదు, రోజుల తరబడి కణంలోనే ఉండిపోతుంది. తోక లేనిదాన్ని పంపు ప్రోటీన్లు బయటికి తోసేస్తాయి. కాబట్టి కణానికి తప్పించుకునే దారులు చాలానే ఉన్నాయి. రవాణా ప్రోటీన్‌ను తగ్గించుకోవచ్చు, ఎఫ్‌పీజీఎస్‌ను పాడు చేసుకోవచ్చు, పంపులు పెంచుకోవచ్చు, డీహెచ్ఎఫ్ఆర్‌ను మందు పట్టుకోలేని ఆకారానికి మార్చుకోవచ్చు, లేదా ఆ ఎంజైమ్‌నే గుట్టలుగా తయారుచేసుకోవచ్చు.

“మార్చుకోవచ్చు”, “పెంచుకోవచ్చు” అంటున్నాం గానీ కణం ఆలోచించి చేసే పని కాదిది. బ్యాక్టీరియా వైరస్‌ను తట్టుకోవడం నేర్చుకుంటుందా, లేక తట్టుకునేవి ముందే అక్కడక్కడా ఉంటాయా అన్నది తేల్చడానికి 1943లో లూరియా, డెల్‌బ్రుక్ ఒక పరీక్ష కనిపెట్టారు. చిన్న చిన్న గొట్టాల్లో వేరువేరుగా పెంచి, ఒక్కో గొట్టంలో తట్టుకున్నవెన్నో లెక్కపెట్టాలి. నేర్చుకునేదే నిజమైతే అన్ని గొట్టాల్లో అంకెలు దగ్గరదగ్గరగా వస్తాయి. ముందే ఉంటే ఒకదాంట్లో సున్నా, ఇంకోదాంట్లో వందలు వస్తాయి. 1952లో లాయిడ్ లా ఇదే పరీక్షను చిట్టెలుకల ల్యుకేమియా కణాల మీద, మెథోట్రెక్సేట్‌తో చేశాడు. అంకెలు చెల్లాచెదురుగా వచ్చాయి. మందు పడకముందే లొంగని కణాలు పుట్టి ఉన్నాయి, మందు వాటిని ఏరిపెట్టిందంతే.

1961లో హకాలా బృందం, లొంగని కణాల్లో డీహెచ్ఎఫ్ఆర్ విపరీతంగా ఉందని చూపించింది. అంత ఎంజైమ్ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఉన్న జన్యువే జోరుగా పనిచేస్తోందా, తయారైన ఎంజైమ్ చెడకుండా నిలుస్తోందా, లేక జన్యువులే ఎక్కువయ్యాయా? క్షీరదాల కణంలో ఒక జన్యువు ప్రతులు వందలకు పెరుగుతాయని అప్పుడు చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే, ఆయన విద్యార్థి ఫ్రెడ్ ఆల్ట్ మూడింటినీ విడివిడిగా కొలిచారు. ఎంజైమ్ ఎంత, దానికి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ ఎంత, జన్యు ప్రతులెన్ని. ఆ ఆర్‌ఎన్‌ఏను శుద్ధి చేసి, దానికి జత డీఎన్‌ఏ తయారుచేసి, కణాల డీఎన్‌ఏలో అది ఎంత వేగంగా తన జోడీని వెతుక్కుంటుందో చూశారు. ప్రతులు ఎక్కువుంటే జోడీ త్వరగా దొరుకుతుంది. చిట్టెలుక సార్కోమా అనే కణితి నుంచి వచ్చిన లొంగని కణాల్లో జన్యు ప్రతులు దాదాపు 200 రెట్లు ఉన్నాయి. మూడు కొలతలూ ఒకే నిష్పత్తిలో పెరిగాయి. 1978లో ఇది జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది.

ఈ కణాలను తయారుచేసిన పద్ధతిలోనే సగం పాఠం ఉంది. మొదటే పెద్ద డోసు వేస్తే అన్నీ చస్తాయి, ఏమీ మిగలదు. చాలావరకు చచ్చి కొన్ని మిగిలే డోసు వేయాలి, మిగిలినవి మళ్ళీ పళ్ళెం నిండేదాకా ఆగాలి, అప్పుడు డోసు కాస్త పెంచాలి. ఇలా నెలల తరబడి మెట్టు మెట్టుగా ఎక్కిస్తూ పోతే చివరికి మొదటి డోసుకు వేల రెట్ల మందులో కూడా హాయిగా పెరిగే కణాలు వస్తాయి. ప్రతి మెట్టులోనూ మిగిలేవి, కిందటి మెట్టులో రెండో మూడో ప్రతులు అదనంగా సంపాదించినవి. వార్డులో రోగి నీరసంగా ఉన్నాడని డోసు తగ్గించి, తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ పోతే, తెలియకుండానే ఈ ప్రయోగాన్నే రోగి ఒంట్లో చేసినట్టు. కొన్నిసార్లు తగ్గించక తప్పదు, రక్తకణాలు పడిపోయినప్పుడు వేరే దారి ఉండదు. కానీ అది ఊరికే దొరికే సర్దుబాటు కాదు.

పెరిగిన ప్రతులు ఎక్కడ కూర్చుంటాయన్నది మరో తమాషా. న్యూయార్క్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థ స్లోన్ కెటరింగ్‌లో జూన్ బీడ్లర్ బృందం 1976లోనే, లొంగని కణాల క్రోమోజోముల్లో రంగు వేస్తే చారలు లేకుండా ఏకరీతిగా కనిపించే పొడవాటి ప్రాంతాలను గుర్తించింది. కొన్ని కణాల్లో ప్రతులు అక్కడే బారులు తీరి ఉంటాయి. ఇంకొన్నిటిలో క్రోమోజోమ్ బయట, జంట చుక్కల్లా కనిపించే చిన్న డీఎన్‌ఏ ముక్కల్లో ఉంటాయి. తేడా మందు ఆపినప్పుడు బయటపడుతుంది. క్రోమోజోమ్‌లో కూర్చున్న ప్రతులు మందు లేకపోయినా అలాగే ఉంటాయి. జంట చుక్కలకు సెంట్రోమియర్ (విభజనలో క్రోమోజోమ్‌ను పట్టి లాగే చోటు) లేదు, కాబట్టి విభజనలో సరిసమానంగా పంచుకోవడం ఉండదు. ఒక పిల్లకణానికి యాభై పోతే ఇంకోదానికి అయిదే దక్కవచ్చు. మందు ఉంటే ఎక్కువ దక్కినవి బతుకుతాయి. మందు తీసేస్తే తక్కువ దక్కినవే చురుగ్గా పెరిగి, కొన్నాళ్ళకు ఆ పళ్ళెంలోని కణాలు మళ్ళీ మందుకు లొంగుతాయి. కాఫ్‌మన్, బ్రౌన్, షిమ్కే దీన్ని 1979లో చూపించారు.

ఇప్పుడు ఈ ముక్కలకు క్రోమోజోమ్ బాహ్య డీఎన్‌ఏ అన్న పేరు వచ్చి మళ్ళీ గిరాకీ పెరిగింది. 2021లో షొషానీ, క్లీవ్‌లండ్ బృందం నేచర్‌లో, అదే పాత మెథోట్రెక్సేట్ ప్రయోగాన్ని హీలా అనే మనిషి క్యాన్సర్ కణాల మీద చేసి, ఈసారి మొత్తం జన్యుపటం చదివింది. ఒక క్రోమోజోమ్ ఒక్కసారిగా ముక్కలు ముక్కలై, ఆ ముక్కలు అడ్డదిడ్డంగా అతుక్కోవడంలో డీహెచ్ఎఫ్ఆర్ ఉన్న ముక్క వలయంగా విడిపోతుంది. తర్వాత అది మళ్ళీ మళ్ళీ పగిలి, అతికి, ప్రతులు పెంచుకుంటుంది. తెగిన డీఎన్‌ఏను అతికించే ఎంజైములను నిరోధిస్తే ఈ పెరుగుదల తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న మామూలు కణాలకు ఈ విద్య రాదు. 1990లో వచ్చిన పరిశోధనల్లో 100 కోట్ల మామూలు కణాల్లో వెతికినా ఇలా జన్యువు పెంచుకున్నది ఒక్కటీ దొరకలేదు. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపే కాపలా జన్యువు పీ53 పోయిన కణాలకు ఆ అడ్డు తొలగిపోతుందని 1992లో రెండు బృందాలు చూపించాయి.

ఈ విద్యనే మందుల తయారీకి వాడుకున్నారన్నది చాలామందికి తెలియదు. డీహెచ్ఎఫ్ఆర్ లేని చైనీస్ హామ్‌స్టర్ కణాలను 1980లో ఉర్లాబ్, చాసిన్ తయారుచేశారు. కావలసిన ప్రోటీన్ జన్యువును డీహెచ్ఎఫ్ఆర్‌తో జతకట్టి వాటిలో పెట్టి, మెథోట్రెక్సేట్ మెట్టు మెట్టుగా పెంచితే, రెండు జన్యువులూ కలిసే పెరిగి ప్రోటీన్ దండిగా వస్తుంది. లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ వంటివి హామ్‌స్టర్ కణాల్లో పెరిగేవే. దాని బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో మార్కెట్‌లోకి తెచ్చింది.

ప్రయోగశాలలో ఎక్కడ పప్పులో కాలేస్తారు

మెథోట్రెక్సేట్‌కు ఫలానా కణాలు లొంగుతాయి, ఫలానావి లొంగవు అని చెప్పే గ్రాఫులు చాలా కనిపిస్తాయి. వాటిలో కొన్నిటిని నమ్మకూడదు. మొదటి దోషం కణాలను పెంచే ద్రవంలోనే ఉంది. విరివిగా వాడే ఆర్‌పీఎంఐ 1640 ద్రవంలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, అంటే సుమారు 2.3 మైక్రోమోలార్. మనిషి రక్తంలో ఫోలేట్ పదుల నానోమోలార్‌లో ఉంటుంది (మైక్రోలో వెయ్యో వంతు నానో). దాదాపు వంద రెట్లు ఫోలేట్‌లో నానిన కణం మందుకు ఎలా స్పందిస్తుందో చూసి రోగి గురించి చెప్పడం కుదరదు. రెండోది సీరం. ద్రవంలో కలిపే పశువుల సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) థైమిడిన్, డీఎన్‌ఏ అక్షరాల తయారీకి పనికొచ్చే హైపోజాంథిన్ ఉంటాయి. తయారీ ఆగినా కణం వాటిని బయటినుంచి తెచ్చుకుని బతికిపోతుంది. అందుకని ఈ మందు పరీక్షకు డయాలిసిస్‌తో అలాంటి చిన్న అణువులను తీసేసిన సీరమే వాడాలి. ఇంకా, కణాల్లో కంటికి కనబడకుండా చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా థైమిడిన్‌ను తినేస్తుంది. అప్పుడు ఫలితం తారుమారు. నెలకోసారైనా దానికి పీసీఆర్ పరీక్ష చేయని ప్రయోగశాల ఫలితాలను కాస్త అనుమానంగానే చూడాలి.

కొలిచే తీరులో ఇంకో దోషం. ఎమ్‌టీటీ పరీక్ష కణంలోని జీవక్రియను రంగుగా మారుస్తుంది. మెథోట్రెక్సేట్ తగిలిన కణం చీలలేక ఉబ్బుతుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. రంగు బాగానే వస్తుంది, కణం మాత్రం ఇక పిల్లలు పెట్టలేదు. అసలు ప్రశ్న అది కాలనీ కట్టగలదా అన్నది. అందుకు కొన్ని వందల కణాలను పళ్ళెంలో పలచగా చల్లి, మందు ఇచ్చి తీసేసి, 10 నుంచి 14 రోజులు కదపకుండా ఉంచి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, 50 కణాలు దాటిన గుంపులను లెక్కపెట్టాలి. ఓపిక కావాలి, అందుకే చేసేవాళ్ళు తక్కువ.

వేగం లెక్క ఇంకా మోసం చేస్తుంది. 72 గంటల పరీక్ష తీసుకోండి. 24 గంటలకోసారి రెట్టింపయ్యే కణాలు మందు లేకుంటే 8 రెట్లవుతాయి. 48 గంటలకోసారి రెట్టింపయ్యేవి 2.8 రెట్లే అవుతాయి. మందు రెండిటినీ పూర్తిగా ఆపేసింది, ఒక్కటీ చావలేదు అనుకుందాం. మందు లేని పళ్ళెంతో పోలిస్తే మొదటివి 12.5 శాతంగా, రెండోవి 35 శాతంగా కనిపిస్తాయి. మందు చేసిన పని ఒకటే అయినా, నెమ్మదిగా పెరిగే కణానికి మొండిదన్న పేరు వస్తుంది. పెరుగుదల రేటు తేడాను సరిచేసే కొలతలను 2016లో హాఫ్నర్ బృందం ప్రతిపాదించింది. ఇప్పటికీ అందరూ వాడడం లేదు.

రోగి ఒంట్లో

ప్రయోగశాలలో 200 రెట్లు పెరిగిన జన్యువును చూసి ఆస్పత్రిలోనూ అదే ఉంటుందనుకుంటే పొరపాటే. రోగుల్లో అంత పెరుగుదల అరుదు, తిరగబెట్టిన ల్యుకేమియాల్లో కొన్నిటిలో కొద్దిపాటి పెరుగుదల కనిపిస్తుంది. ఎముక కణితి ఆస్టియోసార్కోమాలో ఎక్కువగా కనిపించేది రవాణా ప్రోటీన్ తగ్గిపోవడం. మందు లోపలికి వెళ్ళే దారే మూసుకుపోతుంది. దీనికి వైద్యుల జవాబు మోటుగా ఉంటుంది గానీ తర్కం ఉంది. చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 12 గ్రాముల చొప్పున 4 గంటల్లో ఎక్కిస్తారు. రక్తంలో మందు 1000 మైక్రోమోలార్ దగ్గరికి చేరితే, రవాణా ప్రోటీన్ లేకున్నా కొంత కొంత పొర గుండా ఇంకుతుంది.

ఆ డోసు విరుగుడు లేకుండా ఇస్తే ప్రాణం తీస్తుంది. విరుగుడు ల్యూకోవోరిన్. ఇది ముందే మార్చిపెట్టిన ఫోలేట్, డీహెచ్ఎఫ్ఆర్‌తో పని లేకుండా వాడుకోవచ్చు. ఆస్టియోసార్కోమాలో మందు మొదలైన 24 గంటలకు దీన్ని మొదలుపెడతారు. సాధారణంగా చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి. రక్తంలో మెథోట్రెక్సేట్ 24 గంటలకు 10, 48 గంటలకు 1, 72 గంటలకు 0.1 మైక్రోమోలార్ లోపు పడాలి. పడకపోతే ల్యూకోవోరిన్ పెంచుతారు. ఇందులోనూ మెలిక ఉంది. అవసరానికి మించి, మరీ ముందుగా ఇస్తే కణితి కణాలను కూడా అది బతికిస్తుంది.

మందు పడిపోకపోవడానికి కారణం చాలాసార్లు మూత్రపిండాలే. ఆమ్లపు మూత్రంలో మెథోట్రెక్సేట్ స్ఫటికాలు కట్టి నాళాలను పూడుస్తుంది. అందుకే సోడియం బైకార్బనేట్‌తో మూత్రపు పీహెచ్ 7కు తగ్గకుండా చూస్తారు, సెలైన్ దండిగా ఎక్కిస్తారు. ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, కోట్రైమోక్సజోల్, పెన్సిలిన్లు, ఒమెప్రజోల్ మందును బయటికి పోనివ్వవు. గ్యాస్ మాత్రే కదా అని ఇంట్లోవాళ్ళు ఇచ్చేది కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో నీరు చేరిన రోగిలో మందు ఆ నీటిలో దాక్కుని రోజుల తరబడి మెల్లగా బయటికొస్తుంది, కాబట్టి ముందు ఆ నీరు తీసేయాలి. మూత్రపిండాలు పూర్తిగా మొరాయిస్తే గ్లూకార్పిడేజ్ అనే ఎంజైమ్ ఉంది, 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది రక్తంలోని మందును ముక్కలు చేస్తుంది. ల్యూకోవోరిన్‌ను కూడా కోసేస్తుంది కాబట్టి రెండిటి మధ్య 2 గంటల ఎడం ఉండాలి. తెగిన ముక్కను కొన్ని రక్తపరీక్షలు మందుగానే లెక్కేస్తాయి, ఆ 48 గంటలు వచ్చే అంకెను పట్టుకుని కంగారు పడకూడదు. (కీళ్ళవాతానికి ఇచ్చేదీ ఇదే మందు, చాలా చిన్న డోసులో, వారానికి ఒక్కసారే. వారపు మాత్రను రోజూ మింగేయడం వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.)

పిల్లల ల్యుకేమియాలో మరో విశేషం ఉంది. 50కి పైగా క్రోమోజోములున్న రకం ల్యుకేమియా ఈ మందుకు బాగా లొంగుతుంది. రవాణా ప్రోటీన్ జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ కణాల్లో 21వ క్రోమోజోమ్ అదనపు ప్రతులు ఉండడంతో మందు ఎక్కువగా లోపలికి పోతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలు ఎక్కువ కావడం వెనుకా ఇదే క్రోమోజోమ్ ప్రమేయం ఉందంటారు. టి రకం ల్యుకేమియా కణాలు గ్లూటమేట్ తోకను పొడవుగా కట్టలేవు, అందుకని వాటికి డోసు పెంచుతారు.

ఒక్క మందుతో తిరగబెట్టే జబ్బును రెండు మూడు మందులతో ఎందుకు కొట్టాలో, లొంగని కణాలు ముందే ఉంటాయన్న లాయిడ్ లా ఫలితమే చెబుతుంది. పది లక్షల కణాల్లో ఒకటి ఒక మందుకు లొంగదనుకుంటే, సంబంధం లేని రెండో మందుకు కూడా లొంగనిది లక్ష కోట్లలో ఒకటి. ల్యుకేమియా బయటపడేనాటికి ఒంట్లో కణాలు ఇంచుమించు అన్నే ఉంటాయి, అందుకే రెండు కూడా చాలలేదు. 1960ల మొదట్లో ఫ్రై, ఫ్రైరైక్ విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్‌కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ నాలుగూ కలిపి ఇచ్చారు. ఈ గుణకారం చెల్లాలంటే మందులు తప్పించుకునే దారులు వేరువేరుగా ఉండాలి. డాక్సొరూబిసిన్, విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, ఎటొపొసైడ్‌లను నాలుగింటినీ పీ-గ్లైకోప్రోటీన్ అనే ఒక్క పంపు బయటికి తోసేయగలదు. దీన్ని 1976లో జూలియానో, లింగ్ కనిపెట్టారు. అలాంటివి నాలుగు కలిపినా లెక్కలో ఒకటే.

లాయిడ్ లా చూపించింది మొత్తం కథ కాదని 2020లో బ్లడ్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. తిరగబెట్టిన ల్యుకేమియా ఉన్న 103 మంది పిల్లల కణాలను, జబ్బు మొదట్లోనూ తిరగబెట్టాకా పోల్చి చదివారు. కొందరిలో మందు తప్పించుకునే మార్పులు మొదట్లో లేవు. మెర్‌కాప్టోప్యూరిన్ వంటి మందులు డీఎన్‌ఏ మీద వదిలే ప్రత్యేకమైన గుర్తులు ఆ మార్పుల్లో కనిపించాయి. అంటే ఉన్న మొండికణాన్ని మందు ఏరడమే కాదు, కొన్నిసార్లు తానే తయారుచేస్తోంది. తిరగబెట్టినప్పుడు పదేపదే మారిన జన్యువుల్లో ఎఫ్‌పీజీఎస్ ఒకటి, మెథోట్రెక్సేట్‌కు తోక కట్టే ఎంజైమ్ అదే.

ఎఫ్‌పీజీఎస్ పాడైన కణం మీద తోకే అక్కరలేని మందు వాడవచ్చు కదా అనిపిస్తుంది. ట్రైమెట్రెక్సేట్ అలాంటిదే. కొవ్వులో కరుగుతుంది, రవాణా ప్రోటీన్ అక్కరలేదు, గ్లూటమేట్ తోకా అక్కరలేదు, డీహెచ్ఎఫ్ఆర్‌ను గట్టిగానే పట్టుకుంటుంది. కానీ పైన చెప్పిన పీ-గ్లైకోప్రోటీన్ పంపు మెథోట్రెక్సేట్‌ను పెద్దగా పట్టించుకోదు గానీ ట్రైమెట్రెక్సేట్‌ను మాత్రం బయటికి తోసేస్తుంది. విన్‌క్రిస్టిన్ వల్ల ఆ పంపు ముందే పెరిగి ఉన్న కణాల దగ్గర ఈ మందుకూ దారి దొరకదు.